మిగిలిన కూర ఎవరు తింటారు?

రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో రెండు గరిటెల పప్పు, అడుగున కాస్త అన్నం, ఓ మూల కొంచెం వంకాయ కూర మిగులుతాయి. పొద్దున పిల్లలకు, పెద్దలకు కొత్తగా వండిపెట్టిన మనిషే ఆ మిగిలింది తింటుంది. కామారెడ్డిలో చూసినా, ఎల్లారెడ్డిలో చూసినా ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఇంటావిడే. ఇంటిల్లిపాదికీ తాజా బువ్వ పెట్టి, తను మాత్రం నిన్నటిది తిని, కడుపులో తిప్పితే “వేడి చేసింది కావచ్చు” అనుకుని సల్ల తాగి పడుకుంటుంది. తిండి దాచుకునే పద్ధతుల గురించిన ఈ అధ్యాయం ముందుగా ఆవిడ కోసం.

మన ఇళ్లలో ప్లాస్టిక్ డబ్బాలకు కొదవ లేదు. పెళ్లిలో వచ్చినవి, జాతరలో కొన్నవి, మిఠాయి తెచ్చుకున్నవి, బిర్యానీ పార్సిల్ వచ్చినవి అన్నీ అరల్లో ఒకదాంట్లో ఒకటి ఒదిగి ఉంటాయి. వాటి మీద మనకు ఒక నమ్మకం: మూత గట్టిగా పడితే లోపలిది పాడవదని. నేను ముందుగా తీసేయాలనుకుంటున్నది ఈ నమ్మకాన్నే. మూత ఈగను, చీమను, దుమ్మును ఆపుతుంది. పక్కనున్న ఉల్లిగడ్డ వాసన అంటకుండా చూస్తుంది. కూరలో అప్పటికే ఉన్న సూక్ష్మజీవిని అది ఏమీ చేయలేదు.

అన్నాన్నే చూడండి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది, వడ్లతో పాటు బియ్యంలోకీ వస్తుంది. దాని బీజాలు ఎసట్లో ఉడికినా చావవు. అన్నం గిన్నెలో నెమ్మదిగా చల్లారుతుంటే, గోరువెచ్చటి వేడిలో అవి మేల్కొని పెరుగుతాయి. వాటిలో కొన్ని విడుదల చేసే విషం మళ్లీ ఎంత ఉడికించినా పోదు. కనుక “పొద్దున బాగా మరగబెడితే సరిపోతది” అన్న మాట అన్ని వేళలా నిజం కాదు. “వాసన రాలేదు కదా” అన్నదీ అంతే. తిండిని పులియబెట్టి కంపు కొట్టించే జీవులు వేరు, మనిషికి వాంతులు తెచ్చేవి వేరు. రెండో రకం చాలాసార్లు రుచికీ వాసనకూ దొరకవు.

వండిన తిండికి 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్న వేడి ప్రమాదం. ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే అంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. ఏప్రిల్, మే నెలల్లో మన కామారెడ్డి జిల్లాలో ఎండ 40 దాటుతుంది, రేకుల ఇంటి వంటగదిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి వేసవిలో మన లెక్క గంటే.

ఇప్పుడు మీ ఇంటి రాత్రిని ఒకసారి గుర్తు చేసుకోండి. ఏడు గంటలకు కుక్కర్ దించారు. ఎనిమిదిన్నరకు ఒక్కొక్కరే వచ్చి తిన్నారు. సీరియల్ అయింది. బాసాన్లు తోమి, స్టవ్ తుడిచి, చివర్న పప్పు గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టేసరికి పదిన్నర. మూడున్నర గంటలు గడిచిపోయాయి. డబ్బా ఎంత ఖరీదైనదైనా ఆ గంటల్ని వెనక్కి తేలేదు.

పాల విషయంలో మనకు ఈ తెలివి ఎప్పటి నుంచో ఉంది. పొద్దున పిండిన పాలు కాచకుండా ఉంచితే మధ్యాహ్నానికి విరుగుతాయని పల్లెలో చిన్న పిల్లకు కూడా తెలుసు. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. పాలు సేకరించిన వెంటనే 4 డిగ్రీలకు చల్లబరచాలన్నది అక్కడ చదివే పిల్లల మొదటి పాఠాల్లో ఒకటి. పాల మీద మనకున్న ఆ తొందర పప్పు మీద, అన్నం మీద ఎందుకు లేదు?

తినకముందే తీసిపెట్టండి

ఈ అధ్యాయంలో మీరు ఒక్క పనే మొదలుపెట్టాలనుకుంటే ఇది పెట్టండి. రేపటికి ఉంచాలనుకున్నది అందరూ తిన్నాక మిగిలేదాకా ఆగకండి. వంట దిగిన అరగంటలో, ఎవరూ తలె ముందు కూర్చోకముందే, శుభ్రమైన గరిటెతో రేపటి భాగం పక్కకు తీయండి.

దీనివల్ల రెండు గంటలకు పైగానే కలిసొస్తుంది. ఇంకో లాభమూ ఉంది. మన పెద్దవాళ్లు ఎంగిలి విషయంలో పట్టుదలగా ఉండేవాళ్లు. తింటున్న తలెకు తగిలిన గరిటెను మళ్లీ గిన్నెలో పెట్టనిచ్చేవాళ్లు కాదు. మనిషి చేతి మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వండిన తిండిలో చేరి పెరిగితే, దాని విషం కూడా వేడికి లొంగదు. ముందే తీసిన భాగానికి చేతులు తక్కువ తగులుతాయి. బీడీలు చుట్టే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కనే కత్తిరించిన తునికాకు పెట్టుకుని పని చేస్తూ, మధ్యలో లేచి కూర కలిపే అక్కచెల్లెళ్లు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. తంబాకు దుమ్ము గోళ్ల సందుల్లో ఉంటుంది. డబ్బా మూత తీసే ముందు సబ్బుతో చేతులు కడగండి, చాట ఉన్న గదిలో మూత తీసి ఉంచకండి.

మూడో లాభం నా మనసుకు దగ్గరిది. అలా తీసిపెట్టినదాన్ని పొద్దున తినే ఇంటావిడ నలుగురు తినగా మిగిలిన అడుగుబొడుగు తినడం లేదు. తన భాగం తను తింటోంది. ముక్కలు ఉన్న కూర, చిక్కటి పప్పు ఆమెకూ దక్కుతాయి.

తీసిన దాన్ని నేరుగా ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించకండి. వెడల్పాటి స్టీలు పళ్లెంలో రెండు అంగుళాల మందం దాటకుండా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. పప్పు, చారు లాంటివైతే గిన్నెను చల్లటి నీళ్ల టబ్బులో దించి, గరిటెతో కలుపుతూ ఉండండి. పది, పదిహేను నిమిషాల్లో పొగలు పోయి గోరువెచ్చగా అవుతుంది. అప్పుడు డబ్బాలోకి, డబ్బా వెంటనే ఫ్రిజ్‌లోకి. పూర్తిగా చల్లబడేదాకా రాత్రంతా గట్టు మీద ఉంచడం పెద్ద తప్పు. కొంచెం వెచ్చదనం ఉన్న చిన్న డబ్బా పెడితే ఫ్రిజ్‌కు ఏమీ కాదు. ఒక పెద్ద లోతైన డబ్బా కన్నా మూడు చిన్న పల్చటి డబ్బాలు మేలు. లోతైన దాని నడుమ ఉన్న అన్నం ఫ్రిజ్‌లో కూడా గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

“మరి మా అమ్మమ్మ సద్దన్నం తిని ఎనభై ఏళ్లు బతికింది కదా?” అని అడుగుతారు. సరైన ప్రశ్న. అమ్మమ్మ అన్నాన్ని ఉత్తగా ఉంచలేదు. నీళ్లో, గంజో, సల్లో పోసి కుండలో ఉంచింది. రాత్రంతా అందులో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే మంచి బ్యాక్టీరియా పెరిగి అన్నం పులిసింది. ఆ పులుపు చెడ్డవాటిని అణిచిపెట్టింది. పైగా తెల్లారగానే తినేసింది. మనం చేసేది ఏమిటి? వేడి అన్నాన్ని ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి, మూత బిగించి, గట్టు మీద వదిలేస్తాం. అందులో పులుపూ లేదు, చల్లదనమూ లేదు, ఆవిరి చెమ్మ మాత్రం ఉంది. రెండూ నిన్నటి అన్నమే అయినా ఒకటి కాదు. సద్దన్నం తినాలనిపిస్తే సద్దన్నంలాగే చేసుకోండి, స్టీలు గిన్నెలోనో మట్టి కుండలోనో.

ఫ్రిజ్‌లో పెట్టిన తిండి మూడు నాలుగు రోజులు ఉంటుందని అమెరికా పుస్తకాలు రాస్తాయి. ఆ లెక్క కరెంటు పోని ఫ్రిజ్‌లది. మనకు అన్నం మర్నాటికి, పప్పు, కూర రెండో రోజుకు పూర్తయిపోవాలని నా సలహా. తినేటప్పుడు తినేంతే తీసి, అంచుల్లో బుడగలు వచ్చేదాకా ఉడికించండి. ఒకసారి వేడి చేసినది మళ్లీ డబ్బాలోకి వెళ్లకూడదు.

ఏ డబ్బాలో ఏది

1946లో అమెరికాలో ఎర్ల్ టప్పర్ అనే ఆయన గాలి చొరబడని మూతతో పాలిథిలీన్ డబ్బాలు అమ్మకానికి పెట్టాడు. దుకాణాల్లో అవి పెద్దగా పోలేదు. ఆ మూతను ఎలా బిగించాలో, లోపలి గాలిని ఎలా బయటికి నొక్కాలో చేసి చూపించేవాళ్లు అక్కడ లేరు. బ్రౌనీ వైజ్ అనే మహిళ ఇళ్లలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, చేత్తో చేసి చూపిస్తూ అమ్మడం మొదలుపెట్టాకే అవి ఇంటింటికీ చేరాయి. టప్పర్ కంపెనీ 1996లో మన దేశానికి వచ్చినప్పుడు ఇక్కడి పట్టణాల్లో గృహిణులు అలాగే పక్కింటివాళ్లకు చూపించి అమ్మారు. 2024 సెప్టెంబరులో అది అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఆ డబ్బాల కాలం ఎలా ముగిసినా, డబ్బా వాడకం ఒకరు చూపిస్తేనే తెలుస్తుందన్న సంగతి మిగిలింది. మహిళా సంఘం మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక పది నిమిషాలు దీనికి కేటాయించినా ఎంతో మేలు.

చూపించాల్సిందల్లా ఇది. డబ్బాను బోర్లించండి. అడుగున బాణాల త్రికోణం, లోపల ఒక అంకె ఉంటాయి. 5 ఉంటే పాలీప్రొపైలీన్. తిండి దాచడానికి వాడే ప్లాస్టిక్‌లలో వేడికి బాగా తట్టుకునేది. 2, 4 అంకెలు పాలిథిలీన్ రకాలు, చల్లటి వాటికి, పొడి సరుకులకు ఫర్వాలేదు. 1 అంటే పెట్. నీళ్ల సీసాలు, చాలా మిఠాయి డబ్బాలు దీంతోనే చేస్తారు. వేడి చారు పోస్తే ముడుచుకుపోయేది ఇదే. 3, 6 అంకెలున్నవాటిని తిండికి వాడకండి. 7 అంటే ‘ఇతరాలు’, ఏముందో తెలియదు కనుక వేడి తిండికి వద్దు. అంకె పక్కన గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉంటే తిండికి తగినదని గుర్తు. ఏ అంకే, ఏ గుర్తూ లేని డబ్బాలో గుండీలు, దారాలు పెట్టుకోండి. గోడ రంగులు వచ్చిన బకెట్లు బాగా కడిగాం కదా అని పిండి, ఊరగాయ పోయడం కొన్ని ఇళ్లలో చూస్తాం. అది తిండి కోసం చేసిన ప్లాస్టిక్ కాదు, ఎంత కడిగినా కాదు.

ప్లాస్టిక్‌లోంచి రసాయనాలు తిండిలోకి దిగడానికి తోడ్పడేవి వేడి, నూనె, పులుపు, ఎక్కువ కాలం నిల్వ. మన వంటలో మొదటి మూడూ ఒకే గిన్నెలో ఉంటాయి. అప్పుడే దించిన పచ్చి రొయ్యల పులుసునో, మటన్ కూరనో తలచుకోండి. అందుకే నేను పెట్టుకున్న నియమం సులువైనది: వేడిది స్టీలులో, చల్లారింది ప్లాస్టిక్‌లో, తొక్కులు జాడీలో. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు ఏడాది పొడుగునా ఉప్పు, పులుపు, నూనెల్లో నానుతుంటాయి. వాటికి పింగాణీ జాడీ, గాజు సీసా తప్ప వేరే చోటు వద్దు. గల్ఫ్‌కు వెళ్లే కొడుకు పెట్టెలో గాజు పెట్టలేమంటే, అంకె 5 ఉన్న కొత్త డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి పంపండి. చేరగానే గాజు సీసాలోకి మార్చుకోమని ఫోన్‌లో చెప్పండి.

పార్సిల్ వచ్చిన పల్చటి డబ్బాలు ఒక్కసారి వాడకానికి చేసినవి. పారేయడానికి మనసొప్పదు, తెలుసు. పొడి సరుకులకు, కూరగాయల గింజలకు వాడండి. కూరకు వద్దు.

ప్లాస్టిక్ డబ్బాను నేను మనసారా మెచ్చుకునేది పొడి తిండి దగ్గర. సంక్రాంతికి చుట్టిన సకినాలు, కారప్పూస, అటుకుల చుడువా, కారంపొడులు. వీటిలో తేమ ఉండదు కనుక బ్యాక్టీరియాకు పని లేదు. శత్రువు బయటి చెమ్మే. గాలి చొరని మూత ఇక్కడ తన పని పూర్తిగా చేస్తుంది. సకినాలు నూనెలోంచి తీశాక బట్ట మీద పరిచి, మధ్యలోది విరిచి చూసి, లోపల కూడా చల్లారిందని తెలిశాకే డబ్బాలో పేర్చండి. ఒక్క సకినం వెచ్చగా ఉన్నా ఆ ఆవిరి మూతకు పట్టి, మిగతావన్నీ రెండు రోజుల్లో మెత్తబడతాయి.

బస్సులో వెళ్లే డబ్బా

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి చదువుకోవడానికి వచ్చి గదుల్లో ఉండే పిల్లలకు ఇంటి నుంచి డబ్బాలు వస్తూనే ఉంటాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఖర్చు లేకపోవడంతో తల్లులే స్వయంగా సంచి పట్టుకుని వస్తున్నారు. ఊళ్లో బస్సు కోసం ఆగిన సమయం, దారి, స్టాండు నుంచి గది దాకా నడక కలిపితే డబ్బా రెండు, మూడు గంటలు ఎండ వేడిలో ఉంటుంది. పిల్లాడు కాలేజీ నుంచి వచ్చి తెరిచేది ఇంకా ఆలస్యం.

అందుకని దారి తట్టుకునేవే పంపండి. చింతపండు, నూనె బాగా పట్టిన పులిహోర కొబ్బరన్నం కన్నా నిలుస్తుంది. బాగా కాల్చి, చల్లార్చి, బట్టలో చుట్టిన జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, పల్లీల కారం, తొక్కు నిశ్చింత. పప్పు, గుడ్డు, కోడికూర, పెరుగన్నం పంపాలంటే రాత్రివి కాకుండా పొద్దున చేసినవి చల్లార్చి పెట్టండి; రాత్రంతా గడ్డకట్టించిన నీళ్ల సీసాను డబ్బాకు ఆనించి మందపాటి తువ్వాలలో రెండిటినీ కలిపి చుట్టండి. అన్నం, కూర కలిపి పంపొద్దు. కలిపితే రెండిట్లో ముందు పాడయ్యేది రెండోదాన్ని పాడుచేస్తుంది. “బిడ్డా, రాగానే తినేసెయ్, సాయంత్రానికి ఉంచకు” అని చెప్పడం మరవకండి. పొలానికి సద్ది కట్టుకెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. డబ్బాను గట్టు మీద ఎండలో కాక చెట్టు నీడలో, తడి గుడ్డ చుట్టి ఉంచండి.

డబ్బాకూ వయసు ఉంటుంది

స్టీలు పీచుతో రుద్దితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో జిడ్డు, జిడ్డులో సూక్ష్మజీవులు. మెత్తని పీచు, గోరువెచ్చటి నీళ్లు, సబ్బు చాలు. పసుపు మరక పోవడం లేదని బాధపడొద్దు, రెండు మూడు రోజులు ఎండలో పెడితే అదే వెలిసిపోతుంది. వాసన వదలకపోతే తినేసోడా కలిపిన నీళ్లు రాత్రంతా పోసి ఉంచండి.

తాళాల మూతల్లో రబ్బరు లాంటి పట్టీ ఒకటి గాడిలో ఉంటుంది. చెంచా కొనతో దాన్ని లేపి చూడండి. చాలా ఇళ్లలో కొన్న రోజు నుంచి దాన్ని ఊడదీసి ఉండరు. కింద నల్లటి బూజు గీత, ఎండిన పప్పు, ఎప్పటిదో నూనె. వారానికోసారి తీసి కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ బిగించండి. డబ్బా మసకబారి, తాకితే జిగటగా ఉన్నా, మూత వదులైనా, పగులు కనిపించినా వంటగది నుంచి పంపించేయండి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంటే నాలుగు గంటల వరకు చల్లదనం ఆగుతుంది. ఆ తర్వాత వండినవి నమ్మొద్దు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కుండపోత వానలు పడ్డాయి. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది, కామారెడ్డి కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటప్పుడు వరద నీళ్లు తాకిన ప్లాస్టిక్ డబ్బాలో తిండి, మూత గట్టిగానే ఉన్నా, తినకూడదు. మరలు, తాళాలు ఉన్న మూతల సందుల్లోకి వెళ్లిన మురికి కడిగితే పోదు. స్టీలు గిన్నెలు మాత్రం సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో ఉడికించి వాడుకోవచ్చు.

ఇక మిగిలింది అన్నిటికన్నా కష్టమైన పని, పారేయడం. అన్నం పారేస్తే పాపమని పెరిగాం. అత్తమ్మ చూస్తుండగా డబ్బా బోర్లించడం ఏ కోడలికైనా ఇబ్బందే. “గింత కూర పారబోస్తవా, నేను తింట తియ్యి” అంటుంది ఆమె. అప్పుడు వాదించకండి. “రాత్రంతా బయటే ఉంది అత్తమ్మా, మీకు బీపీ మందులున్నయి, వాంతులైతే తట్టుకోలేరు” అని చెప్పండి. ముసలివాళ్లకు, పసివాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు ఇలాంటి తిండి వల్ల వచ్చే వాంతులు, విరేచనాలు చప్పున ప్రమాదంగా మారతాయి. ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్ఎస్ పట్టిస్తూ, అవి ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కూడు పారేసిన మర్నాడు మాత్రం ఒక పిడికెడు బియ్యం తగ్గించి పోయండి. వారం రోజులు రోజూ ఎంత మిగిలిందో చూసుకుంటే, మీ ఇంటికి ఎన్ని గ్లాసులు సరిపోతాయో అదే తేలుతుంది.

మూత మీద చిన్న కాగితపు టేపు ముక్క అంటించి రోజు, పూట రాయండి: ‘మంగళవారం రాత్రి, పప్పు’. ఈ రాసే పని, చల్లారిన దాన్ని డబ్బాల్లోకి సర్దే పని వంట చేసినావిడకే అప్పగించకండి. ఇంట్లో పదో తరగతి చదివే అబ్బాయికి పది నిమిషాలు చాలు. మూత గాడిలోని పట్టీ ఊడదీసి కడగడం కూడా ఆదివారం పొద్దున వాడికే చెప్పండి.